గాలి తీసే బాబాయి

అల్యూమినియం రేకును గట్టిగా లాగితే చిరుగుతుంది, వదులుగా చుడితే వేడి నిలవదు. అందుకని బాబాయి రేకు చుట్టను చంకలో ఇరికించుకుని, కొంచెం కొంచెం వదులుతూ, ఆ ఉక్కు పాత్ర పొట్ట మీదుగా, దాని గుండ్రటి కిటికీల చుట్టూ, గొట్టాల మెడల మీదుగా అరచేత్తో అదుముకుంటూ పోతున్నాడు. పాత్ర అంటే వంటింటి పాత్ర కాదు. మనిషి నడుమెత్తు ఉంటుంది. చుట్టూ మూతులు, ప్రతి మూతికీ వరసగా బోల్టులు. పాత్రను వేడెక్కించి, లోపలి గాలంతా తేమతో సహా పంపుతో తోడేసి, ఆ ఖాళీలో లోహాన్ని ఆవిరి చేస్తే, అది గాజు పలక మీద పొరగా దిగుతుంది. కంటికి ఆనని పొర. ఆ పొరల గురించే అతని చదువూ, అతని ఉద్యోగాలూ, అతని నెరిసిన జుట్టూ.

చుట్టడం అయ్యాక, ల్యాబులో వేసుకునే రాగి తీగ కట్టిన రబ్బరు చెప్పుల్లో రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. పెళ్లివారింట్లో మిగిలిన వంటకాన్ని మూటగట్టినట్టుంది. లోపల ఇంకా ఎంత గాలి మిగిలిందో చెప్పే మీటరు వైపు చూశాడు. అంకె దిగుతోంది గానీ, బద్ధకంగా దిగుతోంది.

"దిగుతావులే, నిదానంగా దిగు," అన్నాడు దానితో. యంత్రంతో మాట్లాడటం అతనికి ఎప్పుడు అలవాటైందో గుర్తులేదు.

ల్యాబులో అతన్ని బాబాయి అననిది ప్రొఫెసరు ఒక్కరే. మొదట ఎవరో ఒక విద్యార్థి వేళాకోళానికి అన్నాడు. తర్వాత వేళాకోళం పోయి పిలుపు మిగిలింది. అక్కడున్న పిల్లలందరికన్నా అతను దాదాపు రెట్టింపు వయసువాడు. మరీ ముసలాడేం కాదు, నలభై దాటాడంతే. కానీ పోస్ట్‌డాక్‌కి అది ముసలితనమే. డాక్టరేటు పూర్తయ్యాక, స్థిరమైన ఉద్యోగం వచ్చేలోపు యూనివర్సిటీలో చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం అది. వచ్చేలోపు అనే మాటలోనే ఉంది కిటుకంతా. అతనికిది నాలుగోది. నాలుగో ఊరు, నాలుగో ఇంటి యజమాని, కూతురికి నాలుగో బడి. ప్రతిచోటా ఇలాంటి పాత్రే ఒకటి, దాని పక్కన ఇలాంటి పంపే ఒకటి.

కూతురు చిన్నప్పుడు బడిలో టీచరు, "మీ నాన్నగారేం చేస్తారమ్మా?" అని అడిగితే, "మా నాన్న గాలి తీస్తాడండీ," అని చెప్పిందట. క్లాసంతా గొల్లుమంది. టీచరు కూడా నవ్వాపుకోలేక, "ఎవరి గాలి?" అందట. ఆ సంగతి ఇంట్లో ఇప్పటికీ నడుస్తుంటుంది. అతను ఏ వాదనలోనైనా ఓడిపోయాడంటే చాలు, భార్య, "గాలి తీసేవాడి గాలే పోయింది," అంటుంది.

పొద్దున బస్సులో వచ్చేటప్పుడు ఫోన్లో ప్రకటనలు చదవడం అతని దినచర్య. మిగతావాళ్లు క్రికెట్టు స్కోరు చూసినట్టు చూస్తాడు. "ఉత్సాహవంతులైన యువ పరిశోధకులు కావలెను." ఉత్సాహం దగ్గర పేచీ లేదు. "డాక్టరేటు పొంది ఐదేళ్లు మించరాదు." ఇక్కడ వేలు పైకి జరిపేస్తాడు. అలా జరుపుకుంటూ పోగా, వయసు మాట ఎత్తని ప్రకటన ఎప్పుడో ఒకటి తగులుతుంది. పోయిన నెలలో తగిలింది. ఇంకో ఊరి యూనివర్సిటీ. పలచని పొరల మీదే పని. రెండేళ్లు. దరఖాస్తు పెట్టాడు, పిలుపు వచ్చింది. ఇవాళే కంప్యూటరు తెర మీద ఇంటర్వ్యూ.

ప్రొఫెసరు తలుపు దగ్గర నిలబడి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఆయనకి చెప్పడానికి ఇబ్బందిగా ఉన్న మాట ఏదైనా ఉంటే అద్దాలు మురికైపోతాయి.

"ఇవాళే కదూ?"

"అవునండీ, పదకొండింటికి."

"నీ గురించి గట్టిగానే చెప్పానయ్యా. మన నిధులు ఇంకో ఏడాదికి వస్తే నిన్ను కదలనిచ్చేవాణ్ణే కాదు."

"తెలుసండీ."

"చివరిదాకా ప్రయత్నించాను."

"తెలుసండీ," అన్నాడు బాబాయి మళ్లీ. నిజంగానే తెలుసు. ఆయన చెడ్డవాడు కాదు. నిధులు రాకపోతే, మనసున్నవాడికీ లేనివాడికీ చేతిలో ఉండేది ఒకటే.

ఇంటర్వ్యూకి చిన్న గది దొరికింది. విరిగిన కుర్చీలు పడేసే గది. అవి తెరలో కనిపించకుండా ల్యాప్‌టాప్‌ని గోడవైపు తిప్పుకుని, చొక్కా పై బొత్తాం పెట్టుకుని కూర్చున్నాడు. అటువైపు ముగ్గురు. మధ్యలో ఉన్నావిడదే ల్యాబు. పొట్టిగా కత్తిరించుకున్న తెల్లజుట్టు, చేతిలో మూత తీయని పెన్ను. పని గురించి అడిగినంతసేపూ బాగానే నడిచింది. పొర ఎక్కడ పగులుతుంది, ఎందుకు పగులుతుంది, వేడి ఎంత ఉంటే అతుక్కుంటుంది. అతను చేతులతో గాల్లో పొరలు పరిచి చూపించాడు. పక్కనున్న కుర్రప్రొఫెసరు తలాడిస్తూ రాసుకున్నాడు.

చివర్లో ఆవిడ పెన్ను బల్లమీద పెట్టింది.

"ఈ రెండేళ్లూ అయిపోయాక మీరు ఎక్కడ ఉంటారనుకుంటున్నారు?"

ఈ ప్రశ్న అతనికి పాత చుట్టం. వచ్చిన ప్రతిసారీ ఒకే మర్యాద చేశాడు, "సొంత ల్యాబు పెట్టుకుని, నా విద్యార్థులతో," అని. ఆ వాక్యం నోట్లో సిద్ధంగానే ఉంది. పెదవుల దాకా వచ్చింది. కానీ బయటికి వచ్చింది ఇంకోటి.

"ఇంకో రెండేళ్ల ఉద్యోగం వెతుక్కుంటూ ఉంటానండీ."

కుర్రప్రొఫెసరు నవ్వాడు, జోకనుకుని. మూడో ఆయన కూడా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. కాసేపు అతన్నే చూసి, "థాంక్యూ," అంది. తెర నల్లబడింది. ఆ నల్లటి తెరలో తన ముఖం కనిపిస్తే బాబాయి ల్యాప్‌టాప్ మూత వేసేశాడు. ఎందుకన్నానా మాట అని తనమీద తనకి కోపం రావాల్సింది. రాలేదు. చాలాకాలంగా బిగుతుగా ఉన్న బెల్టు ఒక రంధ్రం వదులు చేసినట్టు అనిపించింది.

తిరిగి వచ్చి చూస్తే మీటరులో అంకె పొద్దున ఉన్నచోటే ఉంది. అంటే ఎక్కడో కారుతోంది. లోపలికి గాలి పోతోంది. తప్పు ఎక్కడ జరిగిందో అతనికి వెంటనే తెలిసింది. ముందు కారుడు చూసుకుని ఆ తర్వాత రేకు చుట్టాలి. ఇవాళ బుర్ర ఇంటర్వ్యూలో ఉండి ముందుదీ వెనకదీ తారుమారు చేశాడు. మొదటి సంవత్సరం విద్యార్థి చేసే పొరపాటు.

"సిగ్గులేకపోతే సరి," అని తనని తానే తిట్టుకుని, పొద్దున కష్టపడి చుట్టిన రేకును పరపరా చింపడం మొదలుపెట్టాడు.

అప్పుడే తూనీగ వచ్చింది. ఒకచోట నిలబడదు, వాలినట్టే వాలి ఇంకో బల్ల మీదికి పోతుంది, అందుకని ఆ అమ్మాయికి ల్యాబులో ఆ పేరు. డాక్టరేటు ఈమధ్యే పూర్తయింది. ఈ ల్యాబులో అడుగుపెట్టిన రోజున బోల్టు ఎటు తిప్పితే బిగుసుకుంటుందో కూడా తెలియని పిల్ల. పని నేర్పింది బాబాయే. ఇవాళ అన్నం డబ్బా మూత తీయకుండానే ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"బాబాయ్, మధ్యాహ్నం నాకు ఇంటర్వ్యూ ఉంది. ఒక్కసారి నా ప్రసంగం వింటారా? ఎవరికీ చెప్పలేదు. రాకపోతే నలుగురిలో నవ్వులపాలవుతానని."

"ఎక్కడ?"

చెప్పింది. ఊరి పేరు, ల్యాబు పేరు, తెల్లజుట్టావిడ పేరు. బాబాయి చేతిలో రేకు ముక్క ఉండలా నలిగింది. దాన్ని బుట్టలో వేసి, చేతులు తుడుచుకుని, ఎదురుగా స్టూలు లాక్కున్నాడు.

"చూడు తల్లీ, ముందే చెప్తున్నా. ఆ ఉద్యోగానికే పొద్దున నేనూ మాట్లాడొచ్చాను."

తూనీగ ముఖం పాలిపోయింది. "మీరా? మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్పావేంటి?"

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆమె నవ్వు ముందు ఆగిపోయింది.

"నేను తప్పుకుంటాను బాబాయ్. ఇప్పుడే మెయిల్ పెట్టేస్తా. నాకు ఇంకోటి దొరుకుతుంది."

"ఆ మాట ఇంకోసారి అన్నావంటే ఈ స్పానర్ తీసుకుంటాను. నువ్వు తప్పుకుంటే అది నా ఒళ్లో వచ్చి పడుతుందా? క్యూలో మనిద్దరమే ఉన్నామా? నాకు దానం చేసేంత పెద్దదానివైపోయావా?"

"అది కాదు..."

"వాళ్లు నన్నేం అడిగారో చెప్పను. చెబితే అన్యాయం. మిగతాదంతా చెప్తాను. ఊఁ, మొదలుపెట్టు."

ఆమె మొదలుపెట్టింది. అతను మోచేతులు మోకాళ్ల మీద ఆనించి విన్నాడు. మంచి పనే. కానీ మొదటి నుంచి చివరిదాకా గెలిచిన పలకలే చూపిస్తోంది, అన్నీ అద్దాల్లా మెరుస్తూ. బాబాయికి అది తన పాత ప్రసంగంలాగే వినిపించింది. ఈ పొద్దున ఇచ్చినదానిలాగా కూడా.

"ఆపు. పోయినేడు పొర మొత్తం పొలుసులు పొలుసులుగా లేచిపోయింది చూడు, నువ్వు ఏడ్చినది..."

"ఏడవలేదు. కంట్లో నలుసు పడింది."

"ఆ నలుసు పడిన పలక బొమ్మ ముందు పెట్టు. ఎందుకు పాడైందో ఎలా కనిపెట్టావో చెప్పు. బాగా వచ్చినవాటిని అందరూ చూపిస్తారమ్మా. చెడినదాని దగ్గర నువ్వేం చేశావన్నదే వాళ్లకి కావాలి."

ఆమె వరస మార్చింది. మళ్లీ చెప్పింది. ఈసారి బాగుంది. బాగుందని చెప్పడానికి అతను ఒక్క క్షణం ఆలస్యం చేశాడు. ఆ క్షణంలో తనకేమనిపించిందో అతను తర్వాత కూడా ఎవరితోనూ అనలేదు.

"బాగుంది," అన్నాడు. "అన్నం తిను. ఖాళీ కడుపుతో గొంతు వణుకుతుంది."

ఆమె కుర్చీల గదిలోకి వెళ్లాక అతను పంపు తిరుగుతుండగానే ఒక్కొక్క మూతి దగ్గరా సన్నటి గొట్టంతో స్పిరిట్ చుక్కలు వదులుతూ, మీటరు వైపు చూస్తూ కూర్చున్నాడు. కారుతున్నచోట చుక్క పడితే ఆ ఆవిరి లోపలికి పోయి అంకె ఎగురుతుంది. మొదటి మూతి, రెండోది, మూడోది, ఏమీ లేదు. ఈ పని అతనికి విసుగు పుట్టించదు. ప్రపంచంలో ఇంకెక్కడా దొరకని నిక్కచ్చితనం ఇందులో ఉంది. ఉంటే ఎగురుతుంది, లేకపోతే లేదు. ఉత్సాహం, వయసు, ఎవరు గట్టిగా చెప్పారన్నది దానికి పట్టదు.

గది తలుపులో చిన్న అద్దం ఉంది. నీళ్లకని లేచినప్పుడు అతనికి తూనీగ చేతులు కనిపించాయి, గాల్లో పొరలు పరుస్తున్నాయి. అచ్చం తన చేతుల్లాగే. అంతలో ల్యాప్‌టాప్‌లోంచి ఒక నవ్వు వినిపించింది. ఆడగొంతు. ఆవిడదే. బాబాయి నీళ్లు తాగకుండానే వెనక్కి వచ్చాడు.

అడుగు వైపు మూతి దగ్గర అంకె ఎగిరింది. పంపు ఆపి, లోపలికి గాలి వదిలి, బోల్టులు విప్పితే, సందులో వేసే రాగి వలయం మీద గోటితో గీసినట్టు ఒక గీత. పొద్దున తనే బిగించాడు. వలయం మార్చి, ఎదురెదురు బోల్టులు జతలుగా కొంచెం కొంచెం బిగిస్తూ వచ్చాడు. పంపు మళ్లీ వేశాడు. సాయంత్రానికల్లా అంకె మంచి పిల్లలా దిగిపోయింది.

బస్టాపులో ఫోను మోగింది. కొత్త నంబరు. ఎత్తితే తెల్లజుట్టావిడ.

"ఇప్పుడు మాట్లాడొచ్చా మీతో?"

"చెప్పండి."

"ఇబ్బందికరమైన విషయం. ఇవాళ మీ ల్యాబు నుంచే ఇంకో అమ్మాయి మాట్లాడింది. తనకి పని నేర్పింది మీరేనని మీ పేరు చెప్పింది. నిజానికి ఈ పరిస్థితిలో మిమ్మల్ని అడగకూడదు. వద్దనండి, ఫోను పెట్టేస్తాను. తప్పుగా అనుకోను."

రోడ్డవతల ఎవరో దుకాణం షట్టరు సగం దించి, లోపల్నుంచి వంగి బయటికి వస్తున్నారు. బాబాయి అటే చూస్తున్నాడు.

"అడగండి."

"నా ల్యాబులో తనకి చేయి పట్టుకుని నేర్పేవాళ్లుండరు. ఒక్కదాన్నే వదిలేస్తే నడుపుకోగలదా?"

ఇలాంటి ప్రశ్నకి జవాబులు ఎలా వింటారో అతనికి తెలుసు. అబద్ధం ఆడక్కర్లేదు. "నడపగలదు" అనే ముందు చిన్న దగ్గు చాలు. "కొంచెం సమయం ఇస్తే" అని చివర్లో తగిలిస్తే ఇంకా చాలు. అలాంటి దగ్గు ఎవరో దగ్గడం వల్లే తనకి ఎప్పుడో ఒక ఉద్యోగం పోయి ఉండొచ్చు కూడా.

"నడుపుతుందండీ. నాకన్నా బాగా నడుపుతుంది. నేను తప్పు చేస్తే రెండు రోజులు యంత్రాన్ని తిడతాను. ఆ అమ్మాయి పది నిమిషాలు ఏడ్చి, లేచి, తప్పెక్కడుందో వెతుకుతుంది."

"మీకు ఇంకో మాట చెప్పాలి," అంది ఆవిడ. "పనిలో మీకు వంక పెట్టేది లేదు. కానీ పొద్దున మీరన్న మాట విన్నాక, మీ చేతిలో ఇంకో రెండేళ్లు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. మీరు నిజమే చెప్పారు. ఉద్యోగం ఆ అమ్మాయికే ఇస్తున్నాను."

"పర్లేదండీ."

"సారీ."

"ఆ అమ్మాయికి మీరే చెప్పండి. నేను చెబితే నన్నోదార్చడం మొదలుపెడుతుంది."

ఆవిడ నవ్వింది. పొద్దున్నుంచీ తనకి బాకీపడ్డ నవ్వు అది. అతని బస్సు వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. తర్వాతిది ఎక్కాడు.

ఇంట్లో భార్య బట్టలు మడతపెడుతోంది. ఇద్దరూ కాలేజీలో ఒకే క్లాసు. ఆమె చదువు అక్కడితో ఆపి కళ్లద్దాల షాపులో చేరింది. ఊరు మారిన ప్రతిసారీ ఇంకో షాపు వెతుక్కుంది. ఎవరి ముక్కుకి ఏ ఫ్రేము నప్పుతుందో ఒక్క చూపులో చెప్పేస్తుంది. మొగుడి ముఖం చదవడానికి ఆమెకి అంతసేపు కూడా అక్కర్లేదు.

"రాలేదు కదూ?"

"తూనీగకి వచ్చింది."

"మంచిపిల్ల," అంది. మడతపెట్టిన తువ్వాలు విప్పి మళ్లీ మడతపెట్టింది. "నీకెలా ఉంది?"

"ఆకలేస్తోంది."

అన్నం పెట్టింది. కూతురు పుస్తకం తెచ్చుకుని అక్కడే, కంచం పక్కనే కూర్చుంది. ఎప్పుడూ తన గదిలో కూర్చునే పిల్ల. సగం తిన్నాక భార్యే కదిపింది.

"మా షాపుకి అద్దాలిచ్చే ఫ్యాక్టరీ ఉంది చూడు. అద్దాల మీద మెరుపు కొట్టకుండా పూత వేస్తారు. అదీ గాలి తీసిన పాత్రలోనేనట. యంత్రం మాటిమాటికీ మొరాయిస్తోందట, తెలిసినవాళ్లు లేరని మేనేజరు తల పట్టుకుంటున్నాడు. మనిషి కావాలంటున్నాడు. పర్మనెంటు."

"ఎప్పుడన్నాడు?"

"పోయిన వారం. పోయినేడూ అన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నీ ముఖం చూడాల్సి వస్తుందని."

అతను కంచంలో మెతుకులు ఒక పక్కకి దగ్గరగా చేర్చాడు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. పోయినేడు చెప్పి ఉంటే, నన్ను అద్దాల కొట్టుకి పంపిస్తావా అని అరవకపోయినా, అరిచినట్టు ముఖం పెట్టేవాడు. ఇప్పుడు ఏ ముఖం పెట్టాడో తనకి తెలియదు. ఆమె మాత్రం చూస్తోంది.

కూతురు పుస్తకంలోంచి తలెత్తింది.

"నాన్నా, అయితే ఈసారి మనం ఊరు మారక్కర్లేదా?"

మామూలుగానే అడిగింది. రేపు బడికి సెలవా అన్నట్టు. ఇన్నేళ్లలో ఆ పిల్ల ఊరు మారనని మారాం చేసింది లేదు. ప్రతిసారీ తన పెట్టె తనే సర్దుకునేది. సర్దుకోవడం ఇష్టమేమో అనుకున్నాడతను. ఇష్టమా అని అడిగిన గుర్తు లేదు.

"అక్కర్లేదమ్మా," అన్నాడు. అని, తన గొంతు తనకే కొత్తగా ఉంటే మంచినీళ్లు తాగాడు. "పొద్దున ఆ మేనేజరు నంబరివ్వు," అన్నాడు భార్యతో.

"ఇస్తాలే. ముందు తిను."

ఆ తర్వాత జరిగినవి పెద్దగా చెప్పుకోవలసినవి కావు. ఫ్యాక్టరీవాళ్లు అతన్ని యంత్రం ముందు నిలబెట్టి చూసి, ఆ రోజే తీసుకున్నారు. తూనీగ వెళ్లేరోజు ల్యాబుకి వచ్చి, వంగి అతని కాళ్లకి దణ్ణం పెట్టబోతే, "కంట్లో నలుసు పడుతుంది, లే," అన్నాడు. ఆమె నవ్వుతూ ఏడ్చి వెళ్లిపోయింది.

అతని ఆఖరి రోజు నెల చివరి పనిదినం. వీడ్కోలు సభ అంటే వద్దన్నాడు. ప్రొఫెసరు తన గదిలో టీ ఇప్పించి, చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. బాబాయి తాళాలు బల్లమీద పెట్టి, "అడుగు మూతి బోల్టులు కొంచెం జాగ్రత్తగా బిగించమనండి, ఎవరొచ్చినా," అన్నాడు. పిల్లలు మెట్లదాకా వచ్చారు. ఎప్పటిలాగే బ్యాగు భుజాన వేసుకుని, ఎప్పటికన్నా కాస్త ముందుగా, ఇంకా వెలుతురుండగానే వెళ్లాడు.

మర్నాటి నుంచి అతను ఎదురువైపు బస్సు ఎక్కసాగాడు. ఫోను జేబులోనే ఉండేది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాడు.

ల్యాబులో యంత్రం కొన్నాళ్లు ఖాళీగా ఉంది. ఒక ఉదయం నేల తుడిచే ఆవిడ బల్ల కింద చీపురు పోనిస్తే ఏదో తగిలింది. వంగి బయటికి లాగింది. రబ్బరు చెప్పుల జత. ఎడమదాని మడమ పలచగా అరిగిపోయి ఉంది, ఒక పట్టీ తెగితే రాగి తీగతో కట్టి ఉంది. పారేద్దామా అన్నట్టు వాటిని కాసేపు పట్టుకుని నిలబడింది. తర్వాత బల్ల కింద తడిగుడ్డతో తుడిచి, నేల ఆరాక, వాటిని మళ్లీ అక్కడే జతగా పెట్టింది, ముందు కొసలు యంత్రం వైపుండేలా.